లోహపు కాడ పైపు ఏనాటిది? గుర్తింపు, కాల నిర్ణయం

పాత వస్తువుల అమ్మకాల్లో అల్యూమినియం కాడ, చెక్క గిన్నె ఉన్న పొగాకు పైపు కనిపిస్తే, దాని పక్కన సాధారణంగా "1940ల నాటిది" అనో "యుద్ధకాలపు పైపు" అనో ఒక చీటీ ఉంటుంది. ఆ చీటీకి ఆధారం చాలాసార్లు ఊహే. చెక్క పైపులో గిన్నె, మెడ ఒకే దిమ్మలోంచి చెక్కినవి కాబట్టి ఆ రెండింటి వయసూ ఒకటే. లోహపు కాడ పైపులు అలాంటివి కావు. వాటిలో గిన్నెను మర తిప్పి ఊడదీయవచ్చు, ఇంకో గిన్నె బిగించవచ్చు. నోటి ముక్క కొరికి కొరికి పాడైతే దాన్నీ మార్చవచ్చు. వీటిని అమ్మిన సంస్థలు ఈ సౌలభ్యాన్నే ప్రధాన ఆకర్షణగా ప్రచారం చేసుకున్నాయి. అందువల్ల ఈ జాతి పైపుల విషయంలో "పైపు ఏనాటిది" అన్న ప్రశ్నకు ఒకే జవాబు ఉండకపోవచ్చు. కాడ ఏనాటిది, గిన్నె ఏనాటిది, నోటి ముక్క ఏనాటిది అని విడివిడిగా అడిగి, ఆ మూడూ మొదటి నుంచీ కలిసి ఉన్నవేనా అన్నది ఆ తర్వాత తేల్చాలి.

అసలు కాడకు లోహం ఎందుకు వచ్చిందో తెలిస్తే గుర్తింపు సగం సులువవుతుంది. పొగాకు కాలేటప్పుడు ఆకులోని తేమతో పాటు దహనం వల్ల పుట్టే నీటి ఆవిరి కూడా పొగతో కలిసి కాడలోకి వస్తుంది. చెక్క వేడిని సులువుగా వదలదు కాబట్టి ఆ ఆవిరి నోటిదాకా వచ్చి, తారుతో కలిసి చేదు నీరుగా నాలుకకు తగులుతుంది. అల్యూమినియం వేడిని చెక్క కంటే కొన్ని వందల రెట్లు వేగంగా బయటికి పంపుతుంది. పొగ ఆ లోహాన్ని తాకుతూ పోతే ఆవిరి దారిలోనే చల్లబడి నీరవుతుంది. ఆ నీరు నిలవడానికి కాడలో ఒక చోటు, దాన్ని తుడిచి పారబోయడానికి ఒక దారి ఏర్పాటు చేయాలి. లోహపు కాడ పైపులన్నీ ఈ ఒక్క సమస్యకు రకరకాల పరిష్కారాలే. కనుక చేతిలోకి వచ్చిన పైపు ఏ సంస్థదో ముద్ర చెప్పకపోయినా, నీరు ఎక్కడ నిలుస్తుంది, ఎక్కడినుంచి తుడుస్తారు అన్నది గమనిస్తే దాని వంశం తెలిసిపోతుంది.

ఈ వంశాల్లో రెండు ముఖ్యమైనవి. మొదటిది అమెరికాలోని సియాటిల్ నగరానికి చెందిన కర్‌స్టన్. దీని రూపకర్త ఫ్రెడరిక్ కర్‌స్టన్ జర్మనీలో 1885లో పుట్టి, యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్‌లో విమానశాస్త్రం బోధించిన ఆచార్యుడు. విలియం బోయింగ్‌తో కలిసి ఒక కొత్త తరహా ప్రొపెల్లర్ మీద పనిచేశాడు. ఆ విశ్వవిద్యాలయంలో 1936 నాటి గాలి సొరంగానికి నేటికీ ఆయన పేరే ఉంది. సిగరెట్లు మానమని వైద్యుడు చెప్పడంతో పైపు వైపు మళ్లి, దాని చేదును ఇంజినీరు దృష్టితో చూశాడని సంస్థ కథనం. 1930ల ద్వితీయార్థంలో రూపొందిన ఆ పైపులో కాడ ఒక నిటారు అల్యూమినియం గొట్టం. గొట్టం ఒక చివర నోటి ముక్క దూరుతుంది, రెండో చివర తిప్పగలిగే చిన్న మూత ఉంటుంది. గిన్నె గొట్టం మీద నిలబడుతుంది. దాన్ని పట్టి ఉంచే మర బోలుగా ఉండి, పొగ అందులోంచే కిందికి దిగుతుంది. పొగ గొట్టం గోడలకు తగిలి చల్లబడుతుంది, నీరు గొట్టంలోనే నిలుస్తుంది. మూత, నోటి ముక్క రెండూ లాగేస్తే గొట్టం ఈ కొస నుంచి ఆ కొసకు తెరుచుకుంటుంది. ఒక గుడ్డ పేలిక లోపలికి తోసి తుడిస్తే చాలు.

రెండోది ఫాల్కన్. ఇండియానా రాష్ట్రంలోని ఫోర్ట్ వేన్‌కు చెందిన కెన్లీ బగ్ 1936లో దీన్ని కనిపెట్టాడు. 1940లో అది అమ్మకానికి వచ్చింది; షికాగోలోని డైవర్సీ మెషీన్ వర్క్స్ దాన్ని తయారు చేసింది. 1949 నుంచి బ్రిటన్‌లో కూడా అమ్మకానికి వచ్చి, అమెరికాలో కంటే అక్కడే ఎక్కువగా నాటుకుంది. నేడు పాత వస్తువుల సంతల్లో ఎక్కువగా దొరికేవి "మేడ్ ఇన్ ఇంగ్లండ్" ముద్ర ఉన్న ఫాల్కన్లే. వీటిలో కాడ సన్నగా ఉండి, ముందు భాగంలో ఒక చిన్న పళ్లెంలా వెడల్పవుతుంది. గిన్నె ఆ పళ్లెం మీద మర తిరిగి కూర్చుంటుంది. పొగలోని నీరు పళ్లెంలో ఆగుతుంది, పొగ మాత్రం మధ్యలో ఎత్తుగా ఉన్న సన్నని దారి గుండా కాడలోకి పోతుంది. పొగ తాగడం అయ్యాక గిన్నె విప్పి పళ్లెం తుడుచుకోవాలి. గొట్టం రెండు చివరలా తెరుచుకుంటే కర్‌స్టన్ వంశం, గిన్నె కింద పళ్లెం కనిపిస్తే ఫాల్కన్ వంశం అని ఒక్క చూపులో చెప్పవచ్చు.

వంశం తెలిసింది కదా అని సంస్థ పేరు కూడా తెలిసిందనుకోకూడదు. ఫాల్కన్ విజయం చూసి అనేక సంస్థలు అదే తరహా పైపులను తెచ్చాయి. అమెరికాలో డాక్టర్ గ్రాబో పేరుతో పైపులు అమ్మిన సంస్థ "వైకింగ్" అన్న లోహపు కాడ పైపును తెచ్చింది. యెల్లో-బోల్ సంస్థకు "ఎయిరోగ్రేట్" ఉండేది. దూరం నుంచి అన్నీ ఒక్కలాగే కనిపిస్తాయి. తేడా మరలో ఉంటుంది. ఒక సంస్థ గిన్నె మరొక సంస్థ కాడ మీద రెండు చుట్లు తిరిగి ఆగిపోతే, లేదా చివరిదాకా తిరిగినా వదులుగా ఊగితే, ఆ రెండూ ఒకే చోట పుట్టినవి కావని అర్థం. అలాంటప్పుడు బలవంతంగా తిప్పరాదు. అల్యూమినియం మరలు మెత్తనివి, ఒకసారి చెడితే ఆ సాక్ష్యం శాశ్వతంగా పోతుంది.

లోహం కనబడగానే ఈ వంశంలో కలిపేయదగని పైపులు కూడా ఉన్నాయి. జపాన్‌లో వందల ఏళ్లుగా వాడిన కిసెరులో చిన్న గిన్నె, నోటి ముక్క లోహానివి, మధ్య కాడ వెదురుది. పూర్తిగా లోహంతో చేసినవీ ఉన్నాయి. గిన్నెలో చిటికెడు పొగాకు మాత్రమే పట్టడం దాని ఆనవాలు. నీరు నిలిచే ఏర్పాటేదీ అందులో ఉండదు. ఇక చెక్క పైపు లోపల, నోటి ముక్కకు తగిలించిన చిన్న లోహపు మొన ఉంటే అది లోహపు కాడ కాదు. కేవుడీ పైపుల్లో నాలుగు రంధ్రాలున్న అలాంటి మొన ప్రసిద్ధం. ఆ మొనల్లో కొన్నిటి మీద "రిజిస్టర్డ్ నంబర్ 213598" అని ఉంటుంది. దాన్ని అమెరికా పేటెంట్ సంఖ్య అనుకుని పట్టికలో వెతికితే 1879 వస్తుంది. అది ట్రేడ్‌మార్క్ నమోదు సంఖ్య. ఆ పేరు గల పైపులే 1919లో మొదలయ్యాయి. ఒక అంకెకు అర్థం చెప్పే ముందు అది ఏ పట్టికకు చెందిన అంకె అన్నది తేల్చుకోవడం ఎంత అవసరమో ఈ ఒక్క ఉదాహరణ చాలు.

అంకెల సంగతి కొంత వివరంగా చూడవలసిందే, ఎందుకంటే కాడ మీద దొరికే ఆధారాల్లో అన్నిటికంటే నికరమైనవి అవే. అమెరికా పేటెంట్లకు వరుస సంఖ్యలు ఇస్తారు. ఇరవై లక్షల సంఖ్య 1935లో వచ్చింది, ముప్పై లక్షల సంఖ్య 1961లో వచ్చింది. లోహపు కాడ పైపులు విస్తరించిన కాలమంతా దాదాపు ఈ రెండింటి మధ్యే ఉంది. 1936 సంవత్సరం 2,026,516తో మొదలైంది. 1940 సంవత్సరం 2,185,170తో, 1945 సంవత్సరం 2,366,154తో, 1950 సంవత్సరం 2,492,944తో, 1955 సంవత్సరం 2,698,434తో, 1960 సంవత్సరం 2,919,443తో. ముద్రలోని సంఖ్య వీటిలో ఏ రెండింటి మధ్య పడుతుందో చూస్తే పేటెంట్ మంజూరైన అయిదేళ్ల గడువు ఇట్టే తెలుస్తుంది. సంఖ్య ముందు "డెస్" అనే పొట్టి మాట ఉంటే అది ఆకృతికి ఇచ్చిన పేటెంట్, దాని వరుస వేరు. 1940లో ఆ వరుస సుమారు 1,18,000 దగ్గర, 1950లో సుమారు 1,56,000 దగ్గర నడుస్తోంది.

అయితే పేటెంట్ సంఖ్య చెప్పేది ఒక వైపు హద్దు మాత్రమే. ఈ కాడ ఆ సంవత్సరానికి ముందు తయారైంది కాదని అది చెబుతుంది, ఆ సంవత్సరంలోనే తయారైందని చెప్పదు. అప్పటి అమెరికా చట్టం ప్రకారం పేటెంట్ హక్కు 17 ఏళ్లు ఉండేది. ఆ పదిహేడేళ్లూ అదే సంఖ్య కొట్టుకుంటూ పోవచ్చు, అచ్చు మార్చడం ఖర్చు కాబట్టి గడువు దాటాక కూడా కొన్నాళ్లు కొట్టవచ్చు. అమ్మకపు చీటీల్లో ఎక్కువగా జరిగే పొరపాటు ఇక్కడే. 1951లో మంజూరైన పేటెంట్ సంఖ్యను చూసి "1951 నాటి పైపు" అని రాసేస్తారు. ఆ కాడ 1965లో తయారైనదైనా కావచ్చు. "పేటెంట్‌కు దరఖాస్తు చేయబడినది" అన్న ముద్ర ఇంతకంటే విలువైనది. అది సాధారణంగా దరఖాస్తుకూ మంజూరుకూ మధ్య ఉండే కొద్దికాలానికి చెందుతుంది. అందుకే ఆ ముద్ర ఉన్న కర్‌స్టన్ గొట్టాలను సంస్థ తొలినాళ్లవిగా భావిస్తారు. ఆ ముద్ర కొట్టే పనిముట్టు పేటెంట్ వచ్చిన మరునాడే మూలన పడిందని అనుకోనక్కర్లేదు గనుక ఏడాదో రెండేళ్లో వెసులుబాటు ఉంచుకోవాలి.

బ్రిటిష్ సరుకు మీద పేటెంట్ సంఖ్య లేకపోయినా ఆకృతి నమోదు సంఖ్య ఉండవచ్చు. ఆ వరుస 1884 జనవరిలో ఒకటితో మొదలై, 1930 నాటికి సుమారు 7,51,000కు, 1940 నాటికి సుమారు 8,37,000కు, 1950 నాటికి సుమారు 8,60,000కు చేరింది. 1930ల పదేళ్లలో దాదాపు ఎనభై ఆరు వేలు పెరిగిన వరుస, యుద్ధం నడిచిన తర్వాతి పదేళ్లలో ఇరవై మూడు, ఇరవై నాలుగు వేలకు పడిపోవడం గమనించాలి. కొత్త వస్తువులు మార్కెట్‌కు రావడం ఎంతగా తగ్గిందో ఆ వరుసే చెబుతోంది.

"యుద్ధకాలపు పైపు" అన్న చీటీని అనుమానించడానికి అదే కారణం. అల్యూమినియం అప్పుడు విమానాల లోహం. బ్రిటన్‌లో 1940 జులైలో విమానాల ఉత్పత్తి మంత్రి లార్డ్ బీవర్‌బ్రూక్ ఇళ్లలోని అల్యూమినియం గిన్నెలు, పెనాలు కూడా ఇచ్చేయమని గృహిణులను కోరాడు. అమెరికాలో పౌర వినియోగానికి అల్యూమినియం మీద 1941 నుంచే ఆంక్షలు వచ్చాయి. ఇంటి గిన్నెలు కరిగించి విమానాలు చేయాలనుకున్న దేశం అదే లోహంతో పొగాకు పైపులను విరివిగా చేయనిచ్చి ఉంటుందని నమ్మడం కష్టం. కనుక ప్రత్యేకమైన ఆధారం ఉంటే తప్ప, అల్యూమినియం కాడ పైపును 1942–45 మధ్య కాలానికి కట్టరాదు. యుద్ధానికి కొంచెం ముందుది కావాలి, లేదా, సంఖ్యాపరంగా చూస్తే ఎక్కువ అవకాశమున్న మాట, యుద్ధం తర్వాతది కావాలి.

సంఖ్యలు లేని చోట అక్షరాలు సాయం చేస్తాయి. అమెరికా సరుకు మీద వలయంలో ఆర్ అక్షరం గుర్తు ఉంటే అది 1946 నాటి ట్రేడ్‌మార్క్ చట్టం తర్వాతిదే, ఎందుకంటే ఆ గుర్తును చట్టం అనుమతించిందే అప్పుడు. అమలులోకి వచ్చింది 1947 జులైలో. అంతకు ముందు "రెజ్. యు.ఎస్. పాట్. ఆఫ్." (అమెరికా పేటెంట్ కార్యాలయంలో నమోదైనది) అని పొడవుగా కొట్టేవారు. చట్టం ఆ పాత పద్ధతిని రద్దు చేయలేదు కాబట్టి పొడవాటి ముద్ర మాత్రమే ఉండడం పాతదనానికి రుజువు కాదు. గుర్తు ఉండడం మాత్రం కొత్తదనానికి గట్టి రుజువు. లోహం పేరును ఇంగ్లిష్‌లో కొట్టి ఉంటే దాని వర్ణక్రమం కూడా చూడాలి: చివర ఒక "ఐ" తక్కువైతే అమెరికా, ఉంటే బ్రిటన్. "మేడ్ ఇన్ ఆక్యుపైడ్ జపాన్" అని ఉంటే 1952లో ముగిసిన ఆక్రమణ కాలం నాటిది, "వెస్ట్ జర్మనీ" అని ఉంటే 1949కి ముందుదీ 1990 తర్వాతదీ కాదు. కొన్ని కర్‌స్టన్ గొట్టాల మీద కనిపించే ఎస్, ఎం, ఎల్ వంటి ఒంటరి అక్షరాలు పరిమాణానికి గుర్తులు; వాటిని తేదీ సంకేతాలుగా చదవరాదు.

ముద్రలే లేకపోతే లోహాన్నే అడగాలి. ముందు బరువు. అల్యూమినియం సాంద్రత నీటికి 2.7 రెట్లు, జింకు మిశ్రమం సుమారు 6.6 రెట్లు, ఇత్తడి ఎనిమిది రెట్లకు పైన. చూడటానికి ఒకేలా ఉన్న రెండు తెల్లని కాడలను చెరో చేతిలో పట్టుకుంటే జింకు పోతది వెంటనే బయటపడుతుంది. చవక నకళ్లు కొన్ని అలాంటివే. తర్వాత తయారీ పద్ధతి. లేత్ మీద తిప్పి చేసిన గొట్టం మీద, భూతద్దం కింద, చుట్టూ తిరిగే అతి సన్నని గీతలు కనిపిస్తాయి. అచ్చులో పోసిన కాడ మీద అచ్చు రెండు సగాలు కలిసిన చోట నిలువునా ఒక అతుకు గీత ఉంటుంది. మెరుగు పెట్టినా సాధారణంగా కాడ అడుగున, వంపు లోపలి వైపున మిగిలే ఉంటుంది. ఆ తర్వాత రంగు. అల్యూమినియం మీద విద్యుత్తుతో ఆక్సైడ్ పొర పెంచే పద్ధతి 1923లో బ్రిటన్‌లో పేటెంట్ అయినా, ఆ పొరకు రంగులద్ది బంగారు, గోధుమ, తుపాకీ నలుపు ఛాయల్లో ఇంటి వస్తువులను విరివిగా అమ్మింది యుద్ధం తర్వాతే. కాడ రంగు గీకితే ఊడే పెయింట్ కాక లోహంలో ఇంకిపోయినట్టు ఉంటే, వేరే ఆధారం లేనప్పుడు 1950లను, ఆ తర్వాతి దశకాలను ముందుగా తలచుకోవడం సబబు.

కర్‌స్టన్ గొట్టాల్లో లోహంతో పాటు రబ్బరు కూడా సాక్ష్యం చెబుతుంది. తొలి తరం పైపుల్లో నోటి ముక్క తొడుగు, మూత రెండూ లోహానికి లోహం ఒరుసుకుని గొట్టంలో బిగుసుకునేవి. తారు పట్టి అవి బిగిసిపోవడం మామూలు. తర్వాతి తరాల్లో ఆ చోట్ల గాడి తీసి రబ్బరు ఓ-రింగులు వేశారు. ఈ మార్పును 1950ల చివరి భాగానికి కడతారు. ఓ-రింగుకు అమెరికా పేటెంట్ వచ్చిందే 1939లో, అది మామూలు సరుకుల్లోకి దిగింది యుద్ధం తర్వాత. కనుక ఈ క్రమం సాంకేతిక చరిత్రతోనూ పొసుగుతుంది. పరీక్షించేటప్పుడు రింగు ఉందా లేదా అని కాక గాడి ఉందా లేదా అని చూడాలి. రబ్బరు ఎండి ఊడిపోయి గాడి మాత్రమే మిగిలిన పైపును తొలి తరానిదిగా అమ్మడం అరుదేమీ కాదు.

నోటి ముక్కలో పదార్థం ప్రధానం. గంధకం కలిపి గట్టిపరిచిన రబ్బరును వల్కనైట్ అంటారు. అది పందొమ్మిదో శతాబ్దం నుంచీ పైపుల్లో ఉంది. వెలుతురుకు, గాలికి దాని నలుపు విరిగి ఆకుపచ్చ కలిసిన గోధుమ రంగుకు తిరుగుతుంది. బొటనవేలితో గట్టిగా రుద్దితే గంధకం వాసన వస్తుంది. నైలాన్ అలా మారదు. డూపాంట్ సంస్థ నైలాన్‌ను ప్రకటించింది 1938 అక్టోబరులో. దాన్ని అచ్చుపోసి చిన్న సామాన్లు చేయడం సాధారణమైంది యుద్ధం ముగిశాక. నైలాన్ ముక్క నలుపు వన్నె తగ్గకుండా ఉంటుంది, పక్కల సన్నని అచ్చు గీత తగులుతుంది, పంటి గాట్లు గుంటలుగా పడి నొక్కుకుపోయినట్టు ఉంటాయి. ఇంత చెప్పినా నోటి ముక్క అనేది పైపులో అన్నిటికంటే ముందుగా పాడయ్యే భాగం, అన్నిటికంటే ముందుగా మార్చేది దాన్నే. దాని సాక్ష్యాన్ని కాడ సాక్ష్యంతో సమానంగా తూచకూడదు.

గిన్నె దగ్గరికి వస్తే పని సున్నితమవుతుంది. మంచి గిన్నెలకు వాడేది మధ్యధరా తీరాల్లో పెరిగే బ్రయర్ అనే పొద వేరుబుడిపె. యుద్ధకాలంలో ఆ సరఫరా ఆగిపోయినప్పుడు అమెరికాలో కాలిఫోర్నియా మంజనిటా, తూర్పు కొండల లారెల్ వంటి దేశవాళీ కట్టెలతో గిన్నెలు చేశారు. కాబట్టి బ్రయర్ కాని కట్టె కనిపిస్తే అది ఒక సూచన అవుతుంది, అయితే చవక సరుకులో ఇతర కాలాల్లోనూ వేరే కట్టెలు వాడారు. ఫాల్కన్ గిన్నెలకు డోవర్, అల్జియర్స్, జెనోవా అంటూ ఆకృతిని బట్టి పేర్లుండేవి. కొన్నిటి లోపల మీర్‌షామ్ అనే తెల్లని మెత్తని ఖనిజపు పూత ఉండేది. పేరు ఆకృతిని చెబుతుంది, తేదీని కాదు. ఒకే ఆకృతి దశాబ్దాల పాటు అమ్ముడయింది.

గిన్నె, కాడ మొదటి నుంచీ జంటేనా అన్నది తెలుసుకోవడానికి గిన్నెను విప్పి అడుగు భాగాన్ని, పళ్లెం అంచును పక్కపక్కన పెట్టుకుని పక్కవాటు వెలుతురులో చూడాలి. ఏళ్ల తరబడి ఒకే గిన్నె కూర్చున్న పళ్లెం అంచు మీద గిన్నె అడుగు వ్యాసంతో సరిపోయే గుండ్రని మచ్చ పడుతుంది. మచ్చకు లోపల లోహం కొత్తగా మెరుస్తూ, బయట మసకబారి ఉంటుంది. ఇప్పుడున్న గిన్నె ఆ మచ్చ కంటే చిన్నదైతే మచ్చ బయటికి కనబడుతూనే ఉంటుంది. మరలోని తారు కూడా మాట్లాడుతుంది. కాడ మరల సందుల్లో గట్టిపడిన నల్లని తారు ఉండి, గిన్నె మరల్లో చెక్క శుభ్రంగా కనిపిస్తే ఆ గిన్నె తర్వాత వచ్చినదే. గిన్నె లోపల మందమైన బొగ్గు పొర ఉండి, కాడ లోపల తళతళలాడుతుంటే ఆ కథ తిరగబడుతుంది: కాడ కొత్తది, గిన్నె మరొక పైపులో ముసలిదైంది. చెక్క రేఖల దిశ ఇంకో ఆధారం. కొన్ని నమూనాల్లో గిన్నె పూర్తిగా బిగిశాక దాని చెక్క రేఖలు కాడకు ఒక స్థిరమైన దిశలో నిలుస్తాయి. అది తప్పితే జంట అనుమానించదగినది, కానీ మరలు అరిగినా అలాగే తప్పుతుంది గనుక ఇది ఒంటరిగా చాలదు.

వెండి కట్టు ఉన్న పైపుల్లో కొందరికి పెద్ద భరోసా ఏర్పడుతుంది. బ్రిటిష్ వెండి ముద్రల్లో సంవత్సరాన్ని తెలిపే అక్షరం ఉంటుంది. పక్కనున్న లంగరు బర్మింగ్‌హామ్‌ను, చిరుత తల లండన్‌ను చూపుతుంది. ఆ అక్షరం చెప్పేది వెండి కట్టు పరీక్షకు వెళ్లిన సంవత్సరాన్ని. పగిలిన మెడకు తర్వాత వేయించిన కట్టు అయితే ఆ తేదీ మరమ్మతుది అవుతుంది. పైగా నికెల్ కట్ల మీద వెండి ముద్రల్లా కనబడే బొమ్మలు కొట్టడం పైపుల వ్యాపారంలో పాత అలవాటు. పీటర్సన్ పైపుల మీది ఆకు, కుక్క, గోపురం బొమ్మలు చాలామందిని ఇలాగే తప్పుదారి పట్టించాయి. అల్యూమినియం కాడ పైపుల్లో వెండి ప్రమేయం తక్కువ కాబట్టి దీని గురించి ఇంతకంటే చెప్పనవసరం లేదు.

పెట్టె మిగిలి ఉంటే మాత్రం దాన్ని పారేయకూడదు. అమెరికా చిరునామాలో ఊరి పేరు తర్వాత ఒకటి రెండు అంకెల తపాలా మండల సంఖ్య ఉంటే 1943 తర్వాతది. అయిదంకెల జిప్ కోడ్ ఉంటే 1963 తర్వాతది. బ్రిటిష్ పెట్టె మీద ధర షిల్లింగులు, పెన్నీలలో ఉంటే 1971 ఫిబ్రవరి 15కు ముందుది, ఎందుకంటే ఆ రోజు నుంచి బ్రిటన్ దశాంశ నాణేలకు మారింది. గీతల కోడ్ (బార్‌కోడ్) ఉంటే 1970ల మధ్య తర్వాతది. ఇవన్నీ పెట్టెకు చెందిన తేదీలు. అయినా లోహపు కాడకు సాధారణంగా "ఇంతకు తర్వాతది కాదు" అనే రెండో హద్దు ఎక్కడా దొరకదు, పెట్టె ఒక్కటే దాన్ని ఇవ్వగలదు. దాని విలువ అందులో ఉంది. పక్కనే పాత పొగాకు డబ్బా దొరికితే దాన్నీ చదవాలి. బ్రిటన్ 1919 నుంచి సామ్రాజ్య దేశాల ఆకుకు సుంకంలో రాయితీ ఇవ్వడంతో, "ఎంపైర్" పొగాకు అని చాటుకునే పైపు మిశ్రమాలు అక్కడ పెరిగాయి. గుంటూరు సీమలో 1920లలో వేళ్లూనిన వర్జీనియా సాగుకు బ్రిటన్ పెద్ద కొనుగోలుదారు కావడం వెనుక ఈ రాయితీకీ పాత్ర ఉంది. ఆ డబ్బా పైపు తేదీని నిర్ణయించదు, కానీ పైపు ఏ కాలపు చేతుల్లో తిరిగిందో చెబుతుంది.

ఇవన్నీ ఎలా కలుస్తాయో ఒక ఊహాత్మక ఉదాహరణలో చూద్దాం. కాడ తేలికగా, పోత గీతతో ఉంది. పళ్లెం అడుగున ఫాల్కన్, మేడ్ ఇన్ ఇంగ్లండ్ ముద్రలున్నాయి. నోటి ముక్క నల్లని నైలాన్. గిన్నె చిన్నది, లోపల మీర్‌షామ్ పూత; పళ్లెం అంచు మీది మచ్చ గిన్నె కంటే వెడల్పు. పెట్టె మీద ధర షిల్లింగుల్లో ఉంది. బ్రిటన్‌లో ఈ పైపు 1949కి ముందు అమ్ముడు కాలేదు కనుక కాడకు పాత వైపు హద్దు అది. పెట్టె ఈ కాడదే అని ఒప్పుకుంటే 1971 తొలినాళ్లు కొత్త వైపు హద్దు. నైలాన్ ఈ రెండింటి మధ్య ఎక్కడైనా పొసుగుతుంది కాబట్టి హద్దులను జరపదు. మచ్చ సరిపోలేదు కనుక గిన్నె తర్వాత మార్చినది, దాని తేదీ వేరు. అప్పుడు చీటీ మీద రాయదగిన మాట ఇది: "ఫాల్కన్, ఇంగ్లండ్, కాడ 1949–71 మధ్యది, గిన్నె తర్వాత మార్చినది, పెట్టెతో సహా". "1950ల అసలు ఫాల్కన్" అని రాస్తే ధర ఎక్కువ పలకవచ్చు, కానీ ఆ మాటలోని "1950లు", "అసలు" అన్న రెండింటికీ ఈ పైపులో ఆధారం లేదు. పెట్టె దొరకకపోతే కొత్త వైపు హద్దు కూడా పోతుంది, అప్పుడు "1949 తర్వాతది" అని ఆగాల్సిందే.

శుభ్రం చేయడం ఈ పరీక్షలన్నీ అయిన తర్వాతే, ఫొటోలు తీసుకున్నాకే చేయాలి. తారును స్పిరిట్‌లో ముంచిన దూదితో మెత్తబరిచి తుడిస్తే అల్యూమినియంకు హాని లేదు. కాస్టిక్ సోడా ఉన్న ద్రావణాలు అల్యూమినియంను తినేస్తాయి కాబట్టి వాటిని దగ్గరికి రానీయకూడదు. ఇత్తడి చెంబులకు మన ఇళ్లలో పట్టించే చింతపండు, బూడిద, ముగ్గుపొడి ఇక్కడ అస్సలు పనికిరావు. పుల్లదనం రంగు పొరను మసకబారుస్తుంది, పొడి గరుకు లోతు లేని ముద్రలను అరగదీస్తుంది. అక్షరాలు సగం అరిగిన కాడ మీద వెలుతురును దాదాపు లోహానికి సమాంతరంగా, పక్కనుంచి పడేలా పట్టి, కాడను నెమ్మదిగా తిప్పుతూ చూస్తే, ఎదురుగా చూసినప్పుడు కనబడని గీతలు నీడలుగా తేలతాయి. పేటెంట్ సంఖ్యలోని మొదటి మూడు అంకెలు అలా చదవగలిగినా చాలు, వరుసలో చోటు దొరుకుతుంది.